సార్‌కు నేనివ్వని పాత సామాను

ఇది రాసేముందు ఇద్దరి అనుమతి అడిగాను. ఒకరు భూంరెడ్డి సార్, రెండోవారు ఆయన భార్య శకుంతలక్క. సార్, "రాయి. అచ్చుకియ్యకముందు నాకొక్కసారి సదివి వినిపియ్యి" అన్నారు. అక్క ఒక్క మాటే అన్నది. "ఆ పికర్ ముచ్చట మాత్రం ఇడిసిపెట్టకు."

నలభై ఏళ్ళకు పైగా బండ్ల కింద పడుకుని బతికాను. మొదట కరీంనగర్‌లో, తర్వాత శ్రీరాంపూర్‌లో, ఆ తర్వాత లక్సెట్టిపేటలో సొంత షెడ్డులో. మూడేళ్ళ కింద షెడ్డు వదిలేశాను. బాగు చేసిన బండ్ల గురించి రాయాలంటే ఎన్నో ఉన్నాయి. వాటివల్ల కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్ళకు పెద్దగా ఒరిగేది లేదు. అవి చేతికి అవే వస్తాయి.

నేను చెప్పవలసింది వేరే ఉంది. పద్దెనిమిదేళ్ళ కింద నేను చేసిన ఒక పని వల్ల సార్ కారు చెట్టుకు గుద్దుకుంది. అక్క ఎడమకాలు విరిగింది. ఆ తప్పు తనదేనని సార్ ఇన్నేళ్ళూ నమ్మారు. నేను నమ్మనిచ్చాను.

ఇద్దరుంటేనే దొరికే చప్పుడు

ముందు స్టీరింగ్ గురించి నాలుగు ముక్కలు చెబుతాను. స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగేది ఒక కడ్డీ వల్ల. ఆ కడ్డీ చివర ఒక చిన్న గుండు ఉంటుంది, అది ఇనుప గిన్నెలో కూర్చుని అన్ని వైపులా తిరుగుతుంది. మన తుంటి కీలు లాంటిదే. దీన్ని టైరాడ్ ఎండ్ అంటాం. కారుకు కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి.

గుండు మీద రబ్బరు తొడుగు ఉంటుంది. అది చిరిగితే లోపలికి నీళ్ళు, దుమ్ము పోతాయి. మా వైపు బొగ్గుపొడి కూడా పోతుంది. గిన్నె కొంచెం కొంచెంగా అరుగుతుంది. మొదట గుంతలో పడ్డప్పుడు మాత్రమే టక్కుమంటుంది. తర్వాత స్టీరింగ్ రెండు వేళ్ళ మేర తిప్పినా చక్రం కదలదు. అప్పుడు కూడా పట్టించుకోకపోతే ఒకరోజు గుండు గిన్నెలోంచి ఊడిపోతుంది. స్టీరింగ్ మీ చేతిలోనే ఉంటుంది, చక్రం మాత్రం తన దారిన పోతుంది.

కరీంనగర్‌లో నాకు పని నేర్పింది గఫూర్ ఉస్తాద్. తక్కువ మాట్లాడే మనిషి. స్టీరింగ్ చప్పుడుతో బండి వస్తే ఆయన పరీక్ష ఒక్కటే. చక్రాలు నేల మీదే ఉండాలి. ఒకరు సీటులో కూర్చుని స్టీరింగ్‌ను కొంచెం అటు, కొంచెం ఇటు ఆడించాలి. రెండోవారు కింద పడుకుని ఆ గుండు, గిన్నె కలిసేచోటును అరచేత్తో మూసి పట్టుకోవాలి. వదులుంటే అరచేతిలో గుచ్చినట్టు తెలుస్తుంది. నేను చెవి దగ్గర పెట్టి వినబోతే ఉస్తాద్ కాలితో తట్టి, "చెవుతోని గాదు మల్లేశం, చెయ్యితోని ఇను" అన్నాడు. ఒక్కడివే ఉంటే పక్కింటివాళ్ళను పిలిచైనా సీటులో కూర్చోబెట్టుకోమనేవాడు. ఇది ఒక మనిషి చేసే పరీక్ష కాదు.

ఆయనకు ఇంకో రెండు పట్టింపులు ఉండేవి. మొదటిది, నట్టు ఊడకుండా అడ్డంగా దూర్చే స్ప్లిట్ పిన్ను ఒకసారి తీస్తే మళ్ళీ వాడకూడదు. రెండోది, విప్పిన పాత సామాను కాగితంలో చుట్టి బండి యజమాని చేతిలో పెట్టాలి. మా వైపు షెడ్లలో ఇది ఆనవాయితీ. అడగకుండా ఇచ్చేవాణ్ణి మంచి మెకానిక్ అంటారు, అడిగినా ఇవ్వనివాణ్ణి ఏమంటారో మీకు తెలుసు.

"పాత సామానే మన గవా. కొత్తది ఏసినమని మనం జెప్పుడు గాదు, గది జెప్తది" అనేవాడు ఉస్తాద్. గవా అంటే సాక్షి. ఆ సాక్షి చేతనే అబద్ధం చెప్పించవచ్చని ఆయనకు తట్టి ఉండదు. నాకు తట్టింది.

సాంచ బుద్ధి

మాది సిరిసిల్ల. మా ఇంట్లో అందరూ సాంచల మీదనే బతికారు. మరమగ్గాన్ని మేము సాంచ అంటాం. అందులో పోగును మోసే నాడెను ఈ చివరి నుంచి ఆ చివరికి కొట్టే ముక్కను పికర్ అంటారు. రోజంతా దెబ్బలు తిన్నా పగలని గట్టి నైలాన్‌తో చేస్తారు. అరిగిన పికర్లను బాపు, అంటే మా నాన్న, ఒక రేకుడబ్బాలో దాచేవాడు. నేతవాడు ఏదీ పారెయ్యడు. పోగు తెగితే ముడి వేస్తాడు, కొయ్య వదులైతే పేడు దోపుతాడు, ఇనుము అరిగితే తోలుముక్క పెడతాడు. సాంచ ఆగితే పూట గడవదు. ఎలాగోలా నడిపించడమే తెలివి. నేను ఆ తెలివితోనే మెకానిక్‌నయ్యాను.

ఉస్తాద్ షెడ్డులో ఉండగా నాకొక ఆలోచన వచ్చింది. అరిగిన గిన్నె వెనక మూతను ఆకురాయితో గీకి తెరిచి, పాత పికర్‌లోంచి గుండ్రంగా ఒక బిళ్ళ కోసి లోపల పెట్టి, మూత అంచును సుత్తెతో మళ్ళీ మడిచాను. గుండు బిగుసుకుంది. చేత్తో తిప్పితే కొత్తదానిలాగే ఉంది. నిజానికి మూతకు వెల్డింగ్ పెట్టాలి. పెడితే వేడికి లోపలి నైలాన్ కరిగిపోతుంది. అందుకని సుత్తె దెబ్బతోనే సరిపెట్టాను. ఆ పని మొత్తంలో బలహీనమైన చోటు అదేనని నాకు మొదటి రోజే తెలుసు.

గర్వంగా ఉస్తాద్‌కు చూపించాను. ఆయన దాన్ని బల్ల మీది వైస్‌లో బిగించి, పొడుగు కడ్డీ ఒకటి తగిలించి రెండుసార్లు ఊపాడు. రెండో ఊపుకు మూత లేచింది, బిళ్ళ ఎగిరి నేల మీద పడింది.

"సాంచల పోగు దెగితే ఏం జేస్తరు?" అన్నాడు.

"ముడేస్తం ఉస్తాద్."

"గీడ దెగితే ఎవర్ని ముడేస్తవ్ రా?"

షెడ్డులో ఉన్న నలుగురూ నవ్వారు. నాకు ఆ ప్రశ్న గుర్తుండలేదు, నవ్వు గుర్తుంది. ఆ యేడే అక్కడ పని మానేశాను. పని నేర్చుకునేవాళ్ళకు ఒక మాట. మిమ్మల్ని నలుగురి ముందు తక్కువ చేసి మాట్లాడినవాడు చెప్పింది నిజమా కాదా అని ఇంటికి పోయాక ఒకసారి ఆలోచించండి. నేను ఆలోచించడానికి చాలా ఏళ్ళు పట్టింది.

"బండి ఎప్పుడెల్తది?"

శ్రీరాంపూర్‌లో ఒక కాంట్రాక్టర్ దగ్గర జీపులు చూసుకునే పని దొరికింది. గనుల చుట్టూ తిరిగే జీపులు అవి. మా మీద ఉన్న సూపర్‌వైజర్‌కు ఒక్క ప్రశ్నే తెలుసు. "బండి ఎప్పుడెల్తది?" ఏమైందని అడిగేవాడు కాదు, ఏం చేశావని అడిగేవాడు కాదు. చెడ్డవాడని చెప్పలేను. నాకు జ్వరం వస్తే ఇంటి నుంచి అంబలి తెచ్చిచ్చిన మనిషి. కానీ పైవాడు "ఎప్పుడు" అన్నదొక్కటే అడిగితే, కిందివాడు "ఎట్లా" అన్నది మరిచిపోతాడు. ముందే మరిచిపోవాలని చూస్తున్నవాడికి అది ఇంకా సులువు.

సామాను కరీంనగర్ నుంచి రావాలి, రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ జీపు ఆగకుండా పికర్ బిళ్ళ పెట్టేవాణ్ణి. కొత్తది రాగానే తీసి మార్చేవాణ్ణి. కాలనీ రోడ్లు, మెల్లగా తిరిగే బండ్లు, ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడంతో రెండు రోజులు వారమైంది, వారం నెలైంది. "పికర్ మల్లేశం" అని పేరు పడింది. ఎవరైనా ఆ పేరు పెట్టి పిలిస్తే ఒళ్ళు పొంగేది.

నిజం చెప్పాలంటే ఇందులో సంపాదన కోసం చేసింది ఏమీ లేదు. కొత్త సామాను వేస్తేనే నాకు ఎక్కువ మిగిలేది. అందరూ రేపు రమ్మన్న పనిని నేను ఈరోజే చేస్తానని అనిపించుకోవడం కోసం చేశాను.

బస్సులో పోతానన్న మనిషి

లక్సెట్టిపేటలో షెడ్డు పెట్టాక మొదటి నుంచీ నా దగ్గరికి వచ్చినవారిలో భూంరెడ్డి సార్ ఒకరు. ఊళ్ళో భూములున్న కుటుంబం. వ్యవసాయం తమ్ముడికి అప్పగించి తాను లెక్కల మాస్టారయ్యారు. అప్పటికి జైనూర్‌లో హాస్టల్ ఉన్న ఒక బడికి హెడ్మాస్టర్. వారమంతా అక్కడ, శనివారం సాయంత్రం ఇంటికి. ఒక చిన్న కారు పాతది కొనుక్కున్నారు. మలుపు తిరిగేటప్పుడు ఇండికేటర్ వేసి, నమ్మకం చాలక చెయ్యి కూడా బయటపెట్టే మనిషి. నేను ఎగతాళి చేస్తే, "ఎన్కొచ్చేటోడు లెక్కలల్ల ఫెయిలైనోడైతే ఎట్ల మరి?" అనేవారు.

ఆ శనివారం కారు టక్కుటక్కుమంటూ వచ్చింది. పరీక్ష చేశాం. సార్ సీటులో, నేను కింద. ఎడమవైపు టైరాడ్ ఎండ్ పూర్తిగా అరిగిపోయింది. కరీంనగర్‌కు ఫోన్ చేస్తే సోమవారం పొద్దున బస్సులో వేస్తామన్నారు. సార్ సోమవారం తెల్లారగానే బయలుదేరాలి. పరీక్షలు మొదలవుతున్నాయి, రెండు వారాలు అక్కడే ఉండాలి. అందుకని అక్క కూడా వంటసామాను కట్టుకుని వెంట వెళుతోంది.

సార్ ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. "బస్సుల పోత తియ్యి మల్లేశం. సామాను వచ్చినంకనే ఎయ్యి, ఫికర్ లేదు" అన్నారు.

ఈ మాటను నేను ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు తలుచుకున్నానో చెప్పలేను. ఆయన కారు వదిలేసి పోతానన్నారు. సరే సార్ అంటే అయిపోయేది. నేనన్నదిది. "అంత సామానేసుకొని బస్సుల ఏం పరేషాన్ సార్. రేపు పొద్దుమీకి ఇచ్చేస్త."

ఆదివారం గిన్నె మూత తెరిచి పికర్ బిళ్ళ పెట్టి మూసేశాను. సాయంత్రం సార్ వచ్చారు. చుట్టూ ఒక రౌండు వేసి చూసుకుని, నవ్వుతూ చెయ్యి చాచారు.

"పాత సామాను ఏది?"

కొత్త సామాను ఎక్కడో సంపాదించి వేశానని అనుకున్నారు. అలా కాదు సార్, ఇది రెండు రోజుల సర్దుబాటు, మెల్లగా పోండి, వచ్చాక మారుస్తాను అని అప్పుడైనా చెప్పవచ్చు. చెబితే పికర్ మల్లేశం పేరు ఏమవుతుంది? లోపలికి పోయాను. తుక్కు డబ్బాలో శ్రీరాంపూర్ రోజుల జీపు టైరాడ్ ఎండ్ ఒకటి పడి ఉంది. తుడిచి, పేపర్లో చుట్టి ఇచ్చాను. సార్ దాన్ని సంచిలో పెట్టుకున్నారు.

"భయం లేదు గదా?"

"నిమ్మళంగ పోన్రి సార్."

ఆసుపత్రిలో అడిగిన మాట

సోమవారం బస్సులో సామాను వచ్చింది. అది చేతిలో పట్టుకుని షెడ్డుకు నడుస్తుండగానే ఫోన్ వచ్చింది. ఉట్నూరు దాటి, ఇంకాసేపట్లో జైనూర్ చేరుతారనగా, దిగుడు మలుపులో సార్ కారు రోడ్డు దిగి టేకుచెట్టుకు గుద్దుకుందట. ఊరివాళ్ళు ఇద్దరినీ మంచాల మీద మోసుకొచ్చి జీపు ఎక్కించారట.

బండి తేవడానికి నేనే వెళ్ళాను. మా వైపు ఎవరి బండికి వాళ్ళ మెకానిక్కే ఆ పనికి పోతాడు. అక్కడికి చేరేసరికి కారు దగ్గర ఎవరూ లేరు. ఎడమ చక్రం పూర్తిగా బయటికి తిరిగి ఉంది. కడ్డీ కిందికి వేలాడుతోంది. గిన్నె మూత లేచిపోయి ఉంది, ఉస్తాద్ వైస్‌లో పెట్టి చూపించినట్టే. బిళ్ళ రెండు ముక్కలై కొంచెం వెనక గడ్డిలో దొరికింది. గిన్నె విప్పి, బిళ్ళతో సహా చొక్కా జేబులో వేసుకున్నాను. ఆ పని ఏ తడబాటూ లేకుండా చేశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మంచిర్యాలలో ఆసుపత్రికి పోయాను. అక్క కాలు తొడ దగ్గర విరిగింది. సార్ ఛాతీకి కట్టు కట్టారు. నన్ను చూడగానే సైగ చేసి దగ్గరికి పిలిచారు.

"మల్లేశం, స్టీరింగ్ల ఏమన్న ఊడిందా?"

"ఏం లేదు సార్. అంత మంచిగనే ఉండె. చెట్టుకు తాకినంక కడ్డి వంగింది."

ఆయన నా మొహం చూడలేదు, నా మాట నమ్మారు. "అయితే నాకే కన్నంటుకున్నది" అన్నారు.

పక్కమంచం మీంచి అక్క నొప్పిలోనే తల తిప్పింది. "నీకెక్కడ కన్నంటుకున్నది? మాట్లాడుకుంటనే ఉంటివి గదా."

"నీకు దెల్వది తియ్యి. అది రెప్పపాటే ఉంటది."

అంతే. ఆ గదిలో నేను ఒక్క మాట అంటే చాలు. అనలేదు. మూడో రోజుకు ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది, సార్‌కు నిద్ర వచ్చి కారు గుద్దారని. సారే అందరికీ చెప్పుకున్నారు.

ఆ తర్వాత ఆయన స్టీరింగ్ పట్టలేదు. అక్క కాలు అతికింది గాని పొట్టిగా అతికింది, ఒకవైపు ఒరిగి నడుస్తుంది. రోజూ పొద్దున ఆ కాలికి నూనె రాసేది సారే. ఎవరు కొత్తగా బండి కొన్నా పిలిచి, నిద్ర గురించి తన కథ చెప్పి పంపేవారు. కారును తమ్ముడి కొడుకు నడిపేవాడు. వెనక సీటులో కూర్చున్న సార్ దారంతా నోరు విప్పేవారు కాదని ఆ అబ్బాయే నాతో చెప్పాడు. మాట్లాడితే నడిపేవాడి ధ్యాస చెదురుతుందని ఆయన భయమట.

కారును నేనే బాగు చేశాను. ఏమీ తీసుకోలేదు. మల్లేశం ఎంత మంచివాడని అన్నారు. కాదనకుండా అదీ మోశాను. బాపు దగ్గర్నుంచి తెచ్చుకున్న పికర్ల డబ్బాను గోదావరిలో పారేశాను. మళ్ళీ ఎప్పుడూ అలాంటి పని చేయలేదు. ఊడిన గిన్నెను, బిళ్ళను మాత్రం ఒక బిస్కెట్ డబ్బాలో దాచుకున్నాను. ఎందుకని అడిగితే చెప్పలేను. పారేస్తే అంతా అయిపోయినట్టే అవుతుందని అనిపించేది. అయిపోలేదని నాకు తెలుసు.

ఇంటి ముందర

ఈ ఎండాకాలం సార్ ఫోన్ చేశారు. కారు ఫిట్‌నెస్‌కు పోవాలి, స్టీరింగ్‌లో చప్పుడు వస్తోంది, ఇంత పాత బండి అంటే ఎవరూ ముట్టుకోవడం లేదు. "షెడ్డు లేదని తెల్సు. ఇంటికచ్చి జూడు" అన్నారు. బిస్కెట్ డబ్బాను పానాల సంచి అడుగున పెట్టుకుని వెళ్ళాను.

ఇంటి దగ్గర ఈ పని చేసేవాళ్ళకు అక్కడ నేను చేసిన వరుసే చెబుతాను. గట్టి నేల చూసుకోవాలి, మట్టి మీద జాకీ పెట్టకూడదు. ఇటుకల మీద కారు నిలబెట్టి కిందికి దూరడం కంటే ఆ పని మానుకోవడం మేలు, సరైన స్టాండ్లు అడిగి తెచ్చుకోండి. వెనక చక్రాలకు అడ్డం పెట్టాలి. నట్ల మీద ముందురోజే నూనె పొయ్యాలి. గుండు బిగుసుకుని రాకపోతే కింది నుంచి కొట్టకూడదు, అది కూర్చున్న కన్నానికి రెండు పక్కలా రెండు సుత్తెలతో ఒకేసారి కొడితే దానంతట అదే జారుతుంది. పాతది మర విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకుని, కొత్తది అన్ని చుట్లే ఎక్కించాలి. లేకపోతే చక్రాలు పక్కచూపులు చూస్తాయి.

అన్నిటికంటే ముందు ఉస్తాద్ పరీక్ష. దానికి ఇద్దరు కావాలి. తమ్ముడి కొడుకు ఆ రోజు కరీంనగర్ పోయాడు. నేను ఎటూ తోచక నిలబడ్డాను. సార్‌కు సంగతి అర్థమైంది. డ్రైవర్ తలుపు తెరిచి, సీటును చేత్తో తుడిచి, మెల్లగా కూర్చున్నారు. పద్దెనిమిదేళ్ళ తర్వాత.

"ఇంజను బంద్‌నే ఉంటది గదా?" అన్నారు.

"బంద్‌నే సార్. జర అటిటు ఆడియ్యున్రి, చాలు."

నేను కింద పడుకుని అరచెయ్యి పెట్టాను. టక్కు. టక్కు. రెండు వైపులా అరిగిపోయాయి. ఆయన చేతుల వణుకు కూడా ఆ కడ్డీలోంచి నా చేతికి తెలిసింది.

మధ్యాహ్నానికి రెండు వైపులా నా వెంట తెచ్చుకున్న కొత్తవి ఎక్కించాను. చక్రాలు నేరుగా ఉన్నాయో లేదో చూడడానికి నాకు ఇప్పటికీ నూలుదారమే కావాలి. వెనక నుంచి ముందుకు కారు పొడుగునా దారం లాగి కట్టాను. సార్ స్కేలు తెచ్చుకుని కొలతలు తీశారు. ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, తేడా ఉందంటే సరిచేశాను. లెక్క సరిపోయినప్పుడు ఆయన మొహంలో పాత మాస్టారు కనిపించారు. కుడివైపు పిన్ను పెట్టేశాను. ఎడమవైపు పెట్టబోతుంటే చెయ్యి చాచారు.

"పాత సామాను ఇయ్యి మల్లేశం."

ఆ రోజు తీసిన రెండూ ఇచ్చాను. తర్వాత సంచి అడుగు నుంచి డబ్బా తీశాను. మూత రాలేదు, తుప్పు పట్టింది, పానా మొనతో లేపాను. "గిది సుత మీదే సార్. గప్పుడు ఇయ్యలే" అన్నాను.

సార్ ఆ గిన్నెను, రెండు ముక్కలైన నైలాన్ బిళ్ళను చేతిలో పెట్టుకుని చూశారు. లోపలికి వెళ్ళి, బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకునే బరువు ఒకటి తెచ్చారు. నేను పేపర్లో చుట్టి ఇచ్చిన జీపు ముక్క. దాచుకున్నారు. గుండు, గిన్నె ఎలా తిరుగుతాయో రిటైరయ్యేదాకా బళ్ళో పిల్లలకు దాన్నే చూపించారట. నాలుగింటినీ అరుగు మీద వరసగా పెట్టారు. మూడు ఒకే కొలత. నాలుగోది వాటికి ఒకటిన్నర రెట్లుంది.

"గిది నా కారుది గాదు."

"గాదు సార్. జీపుది."

అప్పుడు అన్నీ చెప్పాను. పికర్ బిళ్ళ, సుత్తెతో మడిచిన మూత, గడ్డిలో దొరికింది, ఆసుపత్రిలో అన్నది. ఒక్కసారి మొదలుపెట్టాక ఎక్కువసేపు పట్టలేదు. పద్దెనిమిదేళ్ళు దాచింది అయిదు నిమిషాల మాట. అక్క గడపలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో చూడలేదు.

సార్, "నేను బస్సుల పోతనంటి గదా?" అన్నారు.

"అన్నరు సార్."

అక్క నావైపు చూడలేదు. ఆయనతో, "నేను జెప్పలేనా నీకు" అన్నది. కోపంగా అనలేదు. ఎన్నోసార్లు చెప్పి అలసిపోయిన మాటలా అన్నది.

నేను సంచి సర్దుకోబోయాను. ఇక అక్కడ ఉండగల ముఖం నాకు లేదు.

"పిన్నులన్ని వెట్టినవా?" అన్నారు సార్.

"ఒకటున్నది సార్. ఎడమ దిక్కు."

"అయితే యాడికి పోతున్నవు? పెట్టు."

మళ్ళీ కారు కిందికి దూరాను. కొత్త పిన్ను. ఈసారి అది మూడుసార్లు జారింది. పైన డ్రైవర్ తలుపు చప్పుడైంది. సార్ మళ్ళీ ఆ సీటులో కూర్చున్నారు. అక్క అడుగులు, ఒకటి గట్టిగా ఒకటి మెల్లగా, కారు దగ్గరికి వచ్చి ఆగాయి.

"శకుంతలా, గప్పుడు నేనేం జెప్తుంటి?"

"మీ బడిల ఒక పిల్ల సంగతి. భాగారం రాదు గని మందల ఎన్ని మేకలున్నయో ఒక్క సూపుల జెప్తదని. నవ్వుకుంట జెప్తుంటివి. 'పరీక్షల ఆ పిల్లకు' అన్నవు. గంతే, చెట్టచ్చింది."

నా తల మీద స్టీరింగ్ కడ్డీ అటు కొంచెం, ఇటు కొంచెం కదిలింది. ఎక్కడా చప్పుడు లేదు.

"మేకల లెక్కనే ఇద్దామనుకున్న" అన్నారు.

"అయితే మొత్తం జెప్పు" అన్నది అక్క.

ఆయన మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టారు. పిన్ను ఎప్పుడో కూర్చుంది. ఆయన చెప్పడం అయ్యేదాకా నేను కారు కింద నుంచి బయటికి రాలేదు.